కిటికీ పక్క ఆరు పెట్టెలు

ఆ ప్లాంటులో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె 'రెండోసారి'. ఎదురుపడితే చివర అక్క అని తగిలిస్తారు, చాటున ఆ మర్యాద కూడా ఉండదు. ఏ పనైనా రెండోసారి చూసుకోకపోతే ఆమెకు తిన్నది అరగదు. పెట్టెలు లెక్కపెడితే మళ్ళీ లెక్కపెట్టాలి. తలుపు వేస్తే నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి తాళం లాగి చూడాలి. పొయ్యి ఆపానా లేదా అని సగం దారిలో బస్సు దిగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. అలా దిగిన ప్రతిసారీ పొయ్యి ఆపే ఉంది. అయినా ఆమెకు బుద్ధి రాలేదు, వచ్చే రకమూ కాదు.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒక్కచోట కదలకుండా కూర్చోగలడు. ఇద్దరికీ సమానంగా పంచాల్సిన నెమ్మదిని దేవుడు మొత్తం ఆయనకే ఇచ్చేశాడు. "నిన్ను కూడా బల్ల మీద పెట్టి విప్పి చూడాలే. ఎక్కడో ఒక స్ప్రింగు ఎక్కువ బిగించారు," అంటాడు. ఆమె నవ్వదు. అప్పటికే ఆయన దుకాణం తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూస్తూ ఉంటుంది.

ఈ కంగారు పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె ఒక పెద్ద హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరిగేది. ఒక సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. చీకటి పడేలోపు అరవై మూడు మంది పిల్లలు వరసగా పడిపోయారు. ఆంబులెన్సులు చాలక కూరగాయల వ్యానులో కూడా తీసుకెళ్ళారు. అందరూ బతికి బయటపడ్డారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆ పిల్ల రోజూ వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి పచ్చి కారెట్ ముక్క అడిగి తినేది. ఆ రోజు కూడా అడిగింది, ఈమే ఇచ్చింది.

తరవాత అధికారులు వచ్చారు. కత్తులూ, నీళ్ళూ, గిన్నెలూ, మిగిలిపోయిన తిండీ సీసాల్లో పట్టుకుపోయారు. ఏమీ తేలలేదు. కారెట్ వల్లా? నీళ్ళ వల్లా? ఈమె చేతుల వల్లా? చూడ్డానికి అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, అదే ఆమెను తినేసింది. మురికి కనిపిస్తే కడుక్కోవచ్చు. కనిపించనిదాన్ని ఏం చేస్తాం? ఆ తరవాత బిస్కెట్ల ప్యాకింగులో చేరింది, మానేసింది. లాండ్రీలో చేరింది, మానేసింది. పదిహేనేళ్ళు ఎక్కడా కాలు నిలవలేదు.

అప్పుడు ఈ ప్లాంటు దొరికింది. ఇక్కడ తిండికి కిరణాలు పెడతారు. ఎండు పళ్ళు, గింజలు, మసాలా పొడులు సీలు వేసిన అట్టపెట్టెల్లో వస్తాయి. వాటిని ఇనప బండ్లలో పేర్చి, పట్టాల మీద మందపాటి కాంక్రీటు గదిలోకి పంపుతారు. లోపల కోబాల్టు కడ్డీలు ఉంటాయి. మనుషులు లోపలికి వెళ్ళాల్సి వస్తే ఆ కడ్డీలు లోతైన నీళ్ళ గుంటలోకి దిగిపోతాయి, బండ్లు వెళ్ళేటప్పుడు పైకి లేస్తాయి. వాటి కిరణాలు పెట్టెల్ని విప్పకుండానే, వేడి చెయ్యకుండానే లోపలున్న సూక్ష్మక్రిముల్ని చంపేస్తాయి. బండి చుట్టు తిరిగి అవతలి పక్కన బయటికొస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. వెళ్ళొచ్చిన పెట్టె, వెళ్ళని పెట్టె అచ్చం ఒకేలా ఉంటాయి. రంగు మారదు, వాసన మారదు, బరువు మారదు. అందుకే గోడౌనును ఇనప వలతో రెండుగా చీల్చారు. ఇవతలిది 'కాని వైపు', అవతలిది 'అయిన వైపు'. మధ్యలో తలుపొకటి ఉంది, దానికి తాళం ఉంది. ప్రతి పెట్టె మీదా రూపాయి బిళ్ళంత పసుపు స్టిక్కర్ ఒకటి అంటిస్తారు. కిరణాలు తగిలితే అది ఎర్రబడుతుంది.

చేరిన రోజు సూపర్‌వైజర్ ఆమెకు ఒక పసుపుదీ ఒక ఎర్రదీ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"అంటే, చూస్తే తెలిసిపోతుందా సార్?" అంది.

"చూస్తే తెలిసిపోతుంది."

"తప్పకుండా?"

"అదేం ప్రశ్నమ్మా? ఎర్రగా ఉంటే అయినట్టు, పసుపుగా ఉంటే కానట్టు."

ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి, పదిహేనేళ్ళలో మొదటిసారి కడుపునిండా తిన్నది. కనిపించనిదాన్ని కనిపించేలా చేసే వస్తువు ఒకటి ఈ లోకంలో ఉందని తెలిశాక ఇక వేరే ఉద్యోగం వెతకలేదు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి అయిన వైపు పెట్టెలు చూసి, లెక్క రాసి, సంతకం పెట్టే పని ఆమెదైంది. మధ్య తలుపు తాళంచెవి కూడా ఆమె మెడలోకి వచ్చింది. ఆమె సంతకం లేకుండా ఒక్క పెట్టె గేటు దాటదు.

ఇంట్లో మాత్రం ఆ కిరణాలతో పెద్ద తంటా. అత్తగారికి ఈ ఉద్యోగమంటే మొదటినుంచీ పడదు. కోడలు వేసుకొచ్చిన బట్టలు విడిగా ఉతకమంటుంది. కోడలు ముట్టిన గ్లాసులో నీళ్ళు తాగేముందు గ్లాసును అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

"ఎక్స్‌రే తీయించుకున్నారు కదత్తయ్యా మొన్న. ఇంటికొచ్చి మీరేమైనా వెలిగారా?" అంది కోడలు ఒకరోజు.

"నాకెట్లా తెలుస్తుంది? నన్ను నేను చూసుకుంటానా?"

"కిరణాలు వస్తాయి, పని చేస్తాయి, పోతాయి. పెట్టెలోనూ ఉండవు, నాలోనూ ఉండవు."

"ఉండవని నువ్వంటున్నావు."

ఈ జోరీగ పోరు పడలేక ఆమె ఒక తప్పు చేసింది. అంచు చిరిగి పారేసిన స్టిక్కర్ ఒకటి ప్లాంటు నుంచి తెచ్చి, వంటింటి కిటికీ చట్రం మీద అంటించింది. "రోజూ చూసుకోండి. మనింట్లో కిరణాలుంటే ఇది ఎర్రబడుతుంది. పసుపుగా ఉన్నన్నాళ్ళూ నిశ్చింతగా ఉండండి," అంది. అత్తగారు దానికి కళ్ళజోడు పెట్టుకుని మరీ కాపలా కాయడం మొదలుపెట్టింది. ఒక నెలపాటు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇక ఆ శనివారం సంగతి. పెద్దాసుపత్రిలో ఒక ప్రత్యేక వార్డు ఉంది. రక్తం పుట్టేచోటే పాడైన రోగులకు మందులతో ఉన్నదంతా తుడిచేసి, కొత్త కణాలు ఎక్కిస్తారు. అవి కుదురుకునేదాకా ఒంట్లో కాపలా ఉండదు. మనకు రెండు తుమ్ములతో పోయేది వాళ్ళకు ప్రాణం మీదికొస్తుంది. ఆ వార్డు కోసం వేయించిన గింజలు, ఎండు పళ్ళు ఈ ప్లాంటులోనే శుద్ధి అవుతాయి. ఆ విడతలో నూట ఇరవై ఆరు పెట్టెలు ఉండాలి. ఆమె లెక్కపెడితే నూట ఇరవై వచ్చాయి. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

అప్పుడే వల అవతలినుంచి హమాలీ కేకేశాడు.

"రెండోసారి అక్కా, ఇక్కడ కిటికీ పక్కన ఆరు పెట్టెలున్నాయి. ఎర్రగా ఉన్నాయి. అయినవి ఇటెట్లా వచ్చాయి?"

ఆమె గుండెలో బరువు దిగిపోయింది. బండికి ఆరు పెట్టెలు పడతాయి. అయిన వైపు దించడం మరిచిపోతే బండి చుట్టు తిరిగి మళ్ళీ కాని వైపుకే పోతుంది. రెండేళ్ళ కిందట ఒకసారి అలాగే జరిగింది. ఇది కూడా అదే. నూట ఇరవైకి ఆరు కలిపితే నూట ఇరవై ఆరు. ఆమె తాళం తీసి, ఆరు పెట్టెల్నీ తనే ఇవతలికి లాగింది. ఆరింటి మీదా ఆరు ఎర్ర చుక్కలు. అన్నీ కలిపి రెండుసార్లు లెక్కపెట్టింది, సరిపోయింది. సంతకం పెట్టేసింది. కాని వైపు ఎర్ర పెట్టెలు ఉండటం ఎంత పెద్ద తప్పో ఆమెకు తెలుసు. కాబట్టి ఆ కలగాపులగాన్ని సరిచేశానని లోలోపల కాస్త గర్వపడింది కూడా. ఎన్ని బండ్లు తిరిగాయో రాసిన పట్టీ పక్క బల్ల మీదే ఉంది. దాన్ని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు వంటింట్లోంచి అత్తగారి గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"ఒరేయ్, ఇట్రా. మన కొంప మునిగింది. ఎర్రబడింది చూడు."

భర్త భూతద్దంతో సహా పరుగెత్తుకొచ్చాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్టిక్కర్ నిజంగానే ఎర్రబడింది. ప్లాంటులో ఎలా ఎర్రబడుతుందో అచ్చం అలాగే.

"నేను తొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను," అంది అత్తగారు.

"కిరణాలు కాదత్తయ్యా..." అంటూ ఆమె కిటికీ వైపు చూసింది. కొత్తగా ఎండ ముదిరే రోజులు. పొద్దుటి ఎండ తిన్నగా చట్రం మీదే పడుతోంది. స్టిక్కర్ మీద వేలు పెడితే వెచ్చగా తగిలింది. "ఎండ. ఎండకు ఎర్రబడింది."

అన్నాక ఆ మాట ఆమె చెవులకే వినిపించింది. కాని వైపు కిటికీ. దాని అద్దాలకు ఎప్పటినుంచో నల్లరంగు ఉండేది, ఎందుకో ఎవరూ అడగలేదు. నెల కిందట ఒక అద్దం పగిలితే తెల్ల అద్దం వేశారు, వెలుతురు బాగుందని అందరూ సంతోషించారు, ఆమెతో సహా. ఆ విడత దిగినప్పుడు ఆరు పెట్టెల అట్ట అడుగున తడిసిందని, ఆరనివ్వమని ఆ కిటికీ పక్కకు జరిపించింది కూడా ఆమే. మూడు వారాలైంది. మరిచిపోయింది. అవి బండెక్కనే లేదు.

స్టిక్కర్ల చుట్ట నల్ల కవరులో వస్తుంది. దాని మీద చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది, ఎండ తగలనివ్వొద్దనే అయ్యుండాలి. తొమ్మిదేళ్ళుగా ఆ కవర్లను అందరూ చించారు, ఒక్కరూ చదవలేదు.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తాడు. "ఆదివారం పూటేంటమ్మా? రేపొచ్చి చూద్దాం," అన్నాడు. పెట్టెలు గోడౌనులోనే ఉన్నాయా అని అడిగింది. ఆసుపత్రి వాళ్ళు తొందరపెడితే శనివారం సాయంత్రమే లారీ పంపేశానని ఆయన నింపాదిగా చెప్పాడు. ఆమె ఇంకేమీ వినలేదు. చెప్పులు ఒకటి తనది, ఒకటి అత్తగారిది వేసుకుని బస్టాపుకు పరుగెత్తింది. ఆ రోజు మాత్రం తాళం సంగతి గుర్తు రాలేదు.

రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు ప్రతి స్టాపులోనూ పెళ్ళివారి కోసం ఆగినట్టు ఆగింది. ఆమె సీటు దొరికినా కూర్చోలేదు, నిలబడితే బస్సు తొందరగా పోతుందన్నట్టు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఆరు పెట్టెలు, పెట్టెకు పన్నెండు ప్యాకెట్లు, డెబ్బై రెండు. డెబ్బై రెండు మంది అనుకోగానే కారెట్ ముక్క కోసం చాచిన చెయ్యి కనిపించింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

ఆసుపత్రి స్టోరులో ఒక బట్టతలాయన చెవిలో పెన్ను పెట్టుకుని కూర్చున్నాడు. ఈమె చెప్పిందంతా విని కాగితాలు తీశాడు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. ఇదిగో, శుద్ధి అయింది అని సంతకం కూడా ఉంది."

"ఆ సంతకం నాదే. తప్పు సంతకం."

"అట్లా నోటితో అంటే ఎట్లా? నేను సరుకు ఆపాలంటే నాకు కాగితం కావాలి."

"ఇవ్వండి కాగితం."

నిలబడే రాసింది. ఆరు పెట్టెలు కిరణాల గదిలోకి వెళ్ళలేదని, స్టిక్కర్ ఎండకు ఎర్రబడిందని, చూసి మోసపోయి సంతకం చేసింది తనేనని. ఒక్క మాట కూడా మింగలేదు. ఆయన చదివి, మొహం మారి, చెవిలోని పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. లేచి స్టోరు తలుపులు తీశాడు.

లోపల అన్ని పెట్టెల మీదా ఎర్ర చుక్కలే. తొమ్మిదేళ్ళుగా ఆమెకు ధైర్యమిచ్చిన రంగు ఇప్పుడు నూట ఇరవై నాలుగు కళ్ళతో ఆమెను చూస్తోంది. నూట ఇరవై నాలుగే. రెండు పొద్దున్నే వార్డుకు వెళ్ళాయని స్టోరాయన చెప్పాడు.

ఎండకు స్టిక్కర్ ఒక్కటే మారదు కదా అని ఆమెకు తట్టింది. ఒక్కో పెట్టెనూ తిప్పి చూసింది. అట్ట మీద అచ్చేసిన నీలి అక్షరాలు ఒక పక్క వెలిసిపోయిన పెట్టె దొరికింది. తరవాత రెండోది, మూడోది. ఐదు దొరికాయి. ఆరోది దొరకలేదు. మళ్ళీ వెతికింది. స్టోరాయన కూడా చొక్కా చేతులు మడిచి వెతికాడు.

"నూట పంతొమ్మిది మంచివి, ఐదు కానివి," అన్నాడు ఆయన చివరికి.

"కాదు సార్. ఇందులో దేన్నీ మంచిదని నా కంటితో చెప్పలేను. అన్నింటికీ తాళం వెయ్యండి. ఆరోది పైనుంది."

వార్డు గాజు తలుపు దగ్గరే ఆమెను ఆపేశారు. ఇంచార్జి సిస్టర్ రెండు పెట్టెలూ బయటికి తెప్పించింది. ఒకదాని అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. మూత తెరిచి ఉంది. ఆమె లోపలి ప్యాకెట్లు లెక్కపెట్టింది. పదకొండు. రెండోసారి లెక్కపెట్టడానికి ధైర్యం చాల్లేదు.

"ఒకటి ఎవరికిచ్చారు సిస్టర్?"

"ఏడో గదిలో బస్సు డ్రైవర్ గారికి. నలభై రోజులుగా అన్నీ ఉడికించి మెత్తగా చేసినవే. కరకరలాడేది ఏదైనా నమలాలని ఉందని చిన్నపిల్లాడిలా అడిగాడు. సగం తిన్నాడు."

డాక్టర్ వెంటనే వచ్చాడు. ముందుజాగ్రత్త మందులు మొదలుపెట్టించి, వెళ్ళబోతూ ఆమె దగ్గర ఆగాడు. "మీరు రాకపోతే మిగతా పదకొండూ వెళ్ళేవి," అన్నాడు. మంచి మాటే అన్నాడు. ఆమెకు మాత్రం వెళ్ళిపోయిన ఆ ఒక్కటే వినిపించింది.

సోమవారం సూపర్‌వైజర్ తలుపు వేసి మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు, తలనొప్పులు ఇష్టం లేనివాడు.

"చూడమ్మా, పెట్టెలు తిరిగొచ్చాయి కదా. అట్ట తడిసి వెనక్కి తెప్పించామని రాద్దాం. నీ తొమ్మిదేళ్ళు ఎందుకు పాడుచేసుకోవడం?"

"ఆసుపత్రిలో రాసిచ్చేశాను సార్."

"అదే ఎందుకు రాశావంటున్నా."

"ఆ కిటికీ పక్కన ఇంకో పెట్టె పెడితే దాన్నీ ఇంకెవరో ఇలాగే నమ్ముతారు కదా సార్."

ఆమె మెడలోని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. విచారణ జరిగింది. కిటికీ అద్దానికి మళ్ళీ నల్లరంగు పడింది. పెట్టె దిగిన రోజున కాక బండెక్కించే ముందే స్టిక్కర్ అంటించాలని, బండ్ల పట్టీ, ఎంత కిరణం తగిలిందో చూడ్డానికి పెట్టెల మధ్య పెట్టే కొలత ముక్కల కాగితం, పెట్టెల లెక్క మూడూ కలిస్తేనే సంతకం పెట్టాలని కొత్త నియమం వచ్చింది. ఆమెను కాని వైపుకు మార్చారు, స్టిక్కర్లు అంటించే పనికి. హమాలీ ఆమె మొహం చూడలేక రెండు రోజులు తల వంచుకునే తిరిగాడు.

"నువ్వు చూసింది చూసినట్టు చెప్పావురా. మోసపోయింది నేను," అంది ఆమె.

ఆ సోమవారం నుంచే ఆమె షిఫ్టు దిగగానే రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్ళేది. గాజు తలుపు దగ్గర సిస్టర్‌ను ఒకే మాట అడిగేది. "జ్వరం ఉందా?" లేదంటే వెనక్కి వచ్చేది. మొదటి రోజు లేదు. రెండో రోజు లేదు. మూడో రోజు సిస్టర్ ఆమెను చూసి, ముందు చార్టు తెరిచి చూసుకుంది.

"నూటరెండు," అంది తరవాత.

ఆ వారం ఆమె ఎలా బతికిందో చెప్పడం కష్టం. అంటించిన స్టిక్కరే మళ్ళీ అంటించేది. కూర్చుంటే లేచేది, లేస్తే ఎందుకు లేచిందో తెలిసేది కాదు. భర్త గడియారాల బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడేది, అన్ని గడియారాలూ ఒకేసారి టిక్కుటిక్కుమంటుంటే చెవులు మూసుకుని వచ్చేసేది. ఆయన ఈసారి స్ప్రింగు మాట ఎత్తలేదు. ఆదివారం దుకాణం మూసి ఆమెతో పాటు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు, అంతే. విచిత్రం అత్తగారిది. కిరణాలు కొంప ముంచుతాయని తొమ్మిదేళ్ళు తిట్టిన మనిషి, సాయంత్రం కాగానే ఫ్లాస్కులో కాఫీ పోసి కోడలి చేతికిచ్చేది.

"వెళ్ళు, బస్సు పోతుంది. ఆ కిరణాలేవో సరిగ్గా పెట్టి ఉంటే ఆ మనిషికి ఈ గండం ఉండేది కాదుగా," అంది ఒకరోజు. అన్నాక ఆ మాట ఎటుపోయి ఎటొచ్చిందో తనకే అర్థమై, ఫ్లాస్కు మూత ఇంకోసారి బిగించింది.

ఎనిమిదో రోజుకు జ్వరం దిగింది. ఆమె డాక్టర్‌ను పట్టుకుని అడిగింది, ఆ ప్యాకెట్ వల్లే వచ్చిందా అని. ఈ వార్డులో జ్వరం రాని మనిషి లేడు, ఎందుకొచ్చిందో చెప్పలేం అన్నాడు ఆయన. ప్లాంటుకు తిరిగొచ్చిన ఆ ఆరు పెట్టెల్ని పరీక్షిస్తే మూడింట్లో ఏమీ లేదు, మూడింట్లో ఏదో కాస్త ఉంది, అలాంటి రోగులకు తప్ప ఎవరికీ హాని చెయ్యనంత. ఇరవై నాలుగేళ్ళ కిందట దొరకని జవాబు ఇప్పుడూ దొరకలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, బస్సులో అందరి ముందూ ఏడ్చింది.

పంతొమ్మిదో రోజు సాయంత్రం సిస్టరే ఎదురొచ్చింది. "లోపలాయన మిమ్మల్ని చూడాలంటున్నాడు," అంది.

ఏడో గదికి పెద్ద గాజు కిటికీ ఉంది. అవతల ఒక ఫోను, ఇవతల ఒక ఫోను, ఇవతలి దాని పక్కన ఒక బల్ల. డ్రైవర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు దిట్టమైన మనిషే అయ్యుంటాడు, ఇప్పుడు భుజాలు చొక్కాకు చాలడం లేదు. ఆమె ఫోనెత్తి, నిలబడే, ఆగకుండా అంతా చెప్పేసింది. కిటికీ, ఎండ, లెక్క, సంతకం. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు ఉందనుకోలేదు.

"తెలుసు చెల్లెమ్మా. సిస్టర్ ఆ రోజే చెప్పింది," అన్నాడు అతను. గొంతు సన్నగా ఉంది. "మొదట్లో మీ మీద చాలా కోపమొచ్చింది. అబద్ధమెందుకు? తరవాత రోజూ ఎవరో వచ్చి నా జ్వరం అడిగి పోతున్నారని తెలిసింది. మా వాళ్ళు కూడా వారానికోసారే వస్తారు, దూరం కదా."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఇప్పుడు నాకో చిక్కొచ్చిపడింది. అప్పటినుంచి ఏ ప్యాకెట్ ఇచ్చినా నోట పెట్టలేకపోతున్నా. చూస్తే భయం. బరువు తగ్గితే ఇంటికి పంపనంటున్నాడు డాక్టర్. ఇదిగో, ఇది పొద్దున్నిచ్చారు." ఒళ్ళోని గింజల ప్యాకెట్ ఎత్తి చూపించాడు. "మీరు చూసి చెప్తే తింటా."

"నాకిప్పుడు సంతకం లేదన్నయ్యా. తీసేశారు."

"సంతకం ఎవరిక్కావాలి? చూసి చెప్పండి."

సిస్టర్ ఆ ప్యాకెట్ వచ్చిన పెట్టెను బయటికి తెచ్చింది. దాని మీద స్టిక్కర్ ఎర్రగా ఉంది. ఆమె దాన్ని చూసి, చూడనట్టే తల తిప్పుకుంది. పెట్టె మీది విడత నంబరు అరచేతిలో రాసుకుంది. ప్లాంటుకు ఫోన్ చేసి సాయంత్రం డ్యూటీ మనిషిని పట్టుకుంది.

"ఆ విడత బండ్ల పట్టీ తియ్యి. ఎన్ని బండ్లు తిరిగాయి? మళ్ళీ చదువు. లోపలికి వెళ్ళినవి కాదు, దించినవి చెప్పు. కొలత ముక్కల కాగితం తెప్పించు. లైన్లోనే ఉంటా."

అటువైపు మనిషి విసుక్కున్నాడు. ఈమె వదల్లేదు. ఇరవై ఒక్క బండ్లు, నూట ఇరవై ఆరు పెట్టెలు. కొలత ముక్కలు కూడా సరిగ్గా ఉన్నాయి. పెట్టెను నాలుగు పక్కలా తిప్పి అక్షరాలు చూసింది. మళ్ళీ ఫోన్ చేసి అన్నీ ఇంకోసారి చదివించుకుంది. ముప్పావుగంట పట్టింది. డ్రైవర్ ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని గాజు అవతలినుంచి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. "కానివ్వండి చెల్లెమ్మా, నాకేం తొందర?" అన్నాడు మధ్యలో ఒకసారి, ఆమె ఇవతలి ఫోనెత్తినప్పుడు.

చివరికి ఆమె మళ్ళీ ఆ ఫోనెత్తి, "తినండన్నయ్యా," అంది.

అతను ప్యాకెట్ చించాడు. ఒక్క గింజ తీసి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, నోట్లో వేసుకున్నాడు. ఫోనులో చప్పుడు స్పష్టంగా వినిపించింది, కరకరమని. ఇంకోటి వేసుకున్నాడు. కిటికీలోంచి చాచిన చిన్న చెయ్యి ఆమెకు మళ్ళీ గుర్తొచ్చింది, ఈసారి ఆమె దాన్ని తరిమెయ్యలేదు. పక్కనున్న బల్ల మీద కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో ఆమెకు తెలియదు. ఒక బస్సు పోయింది, ఆ తరవాతిదీ పోయింది. ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కడినుంచి లేవలేదు.